గోల్ కొట్టని గ్రేటెస్ట్

ఆల్ టైం గ్రేటెస్ట్ అథ్లెట్ ఎవరు? హాస్టల్లో ఈ ప్రశ్న లేచిందంటే ఆ రాత్రి ఎవడికీ నిద్ర ఉండదు. ఒకడు బోల్ట్ అంటాడు, ఒకడు మెస్సీ అంటాడు, క్రికెట్ పిచ్చోళ్లు సచిన్ దగ్గరే ఆగిపోతారు. నేను పాతబస్తీ వాణ్ణి. నా ఓటు మా రహీం సాబ్‌కే. సయ్యద్ అబ్దుల్ రహీం. కోచ్ కదా, అథ్లెట్ ఎట్లా అవుతాడు అంటారా? పూర్తిగా చదివి అప్పుడు కొట్లాడండి.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. హైకోర్టు పక్కన మూసీ ఒడ్డున సిటీ కాలేజీ ఉంది కదా, అక్కడి కుర్రాళ్ల 'ఎలెవెన్ హంటర్స్' టీంలో ఆడారు. వృత్తి బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. తర్వాత సిటీ పోలీస్ టీం ఆయన చేతికొచ్చింది. అంతే, 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్‌లు మనవే!

పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? డ్రిబ్లింగ్ చేయకూడదని రూలు పెట్టి టోర్నీలు నడిపారు. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోసారి బలహీనమైన కాలితోనే ఆడాలన్నారు. మనకు వీక్ సబ్జెక్టులోనే మళ్లీ మళ్లీ ఇంటర్నల్స్ పెట్టినట్టన్నమాట.

1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఆయన టీం ఇరాన్‌ని 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ మరుసటేడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఇంకొకరైతే అక్కడితో దుకాణం మూసేవారు. ఆయన నాలుగేళ్లలో మెల్‌బోర్న్‌కి ఇంకో టీంని తయారుచేశారు. బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి మన ఊరి ఆటగాళ్లూ అందులో ఉన్నారు. ఆస్ట్రేలియాపై 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం.

అసలు కథ 1962 జకార్తాది. అప్పటికే రహీం సాబ్ ఆరోగ్యం బాగా పాడైంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అతన్నే సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు తోశారు! సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2, అందులో జర్నైల్ గోల్ ఒకటి. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ అదే కొరియా. దాదాపు లక్షమంది జనం, అంతా మనకు వ్యతిరేకం. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. స్వర్ణం.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. వయసు 53.

ఆ రోజు పరిగెత్తింది, దెబ్బలు తిన్నది ఆటగాళ్లే, కాదనను. రికార్డుల్లో గోల్స్ కూడా వాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. కానీ గొప్పతనాన్ని ఇంకో రకంగా కొలిచి చూడండి. ఒక మనిషిని ఆటలోంచి తీసేస్తే ఆ ఆట ఎంత ఖాళీ అవుతుంది? బోల్ట్ రిటైరైనా జమైకా పరుగు ఆగలేదు. మెస్సీ కంటే ముందే అర్జెంటీనాకి రెండు ప్రపంచ కప్‌లున్నాయి. రహీం సాబ్ పోయాక మనకు 1970లో ఒక కాంస్యం వచ్చింది, అంతే. 60 ఏళ్లు దాటినా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ మన ముఖం చూడలేదు. 'మైదాన్' సినిమా వచ్చేదాకా మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

నా ఓటు వేసేశాను. మీ క్యాండిడేట్‌ని ఇదే కొలతతో కొలిచి తీసుకురండి, అప్పుడు మాట్లాడుకుందాం.