గొయ్యి తవ్వి నేల పుట్టుక చెప్పిన దొకుచాయెవ్

గల్ఫ్‌లో పునాది పని చేసినవాళ్లకు కొత్త దృశ్యం కాదిది. ఎక్స్‌కవేటర్ రెండు మీటర్లు తవ్వేసరికి గోతి గోడ చారలు చారలుగా కనిపిస్తుంది. పైన గాలి మోసుకొచ్చిన ఇసుక. కింద బూడిదరంగు తడి మన్ను. మధ్యమధ్య తెల్లటి ఉప్పు. ఇక్కడివాళ్లు దీన్ని సబ్ఖా అంటారు. మా గ్యాంగులో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు గోతిలోకి తొంగిచూసి, ఇది మన చౌడు నేల లాంటిదేనని తేల్చేశారు. తర్వాత వచ్చిన ల్యాబు రిపోర్టూ దాదాపు అదే మాట చెప్పింది. ఉప్పూ, సల్ఫేటూ ఎక్కువ, మామూలు సిమెంటు పనికిరాదని.

మేం పాలిటెక్నిక్‌లో మట్టి గురించి చదువుకున్నాం. ఎంత బరువు మోస్తుంది, ఎంత కుంగుతుంది, జల్లెడలో ఎంత దిగుతుంది అనేదే ఆ చదువు. అసలు మట్టి ఎలా పుట్టిందన్నది మాకు పరీక్షలో రాలేదు, కాబట్టి మేమూ అడగలేదు. గోతి గోడను చదివి నేల పుట్టుక చెప్పొచ్చని లోకానికి నేర్పినాయన ఒకరున్నారు. రష్యాకు చెందిన వసీలీ దొకుచాయెవ్. ఊళ్లో భూమి ఉండీ, దాన్ని తడిపే నీళ్లు లేక ఇక్కడిదాకా వచ్చినవాళ్లం మనలో చాలామందిమి. అందుకే ఆయన కథ మనకు తెలియాలి.

మతగురువు ఇంటి పిల్లాడు

దొకుచాయెవ్ 1846లో స్మొలెన్స్క్ ప్రాంతంలోని మిల్యుకొవో అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఊరి చర్చిలో మతగురువు. ఆ రోజుల్లో అలాంటి ఇళ్ల పిల్లలు తండ్రి దారిలోనే నడిచేవాళ్లు. ఈయనా 1867లో స్మొలెన్స్క్‌లో మతవిద్య పూర్తిచేసి, పైచదువుకు సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లారు. కొన్ని వారాలకే అది వదిలేసి యూనివర్సిటీలో సైన్సులో చేరారు. 1871లో చదువు ముగిసింది. అప్పుడు ఆయన రాసిన వ్యాసం ఏ పెద్ద నది గురించో కాదు, తమ ఊరి దగ్గర పారే కచ్నా అనే చిన్న ఏరు వేసిన మేటల గురించి. మరుసటి ఏడాదే యూనివర్సిటీలో రాళ్లూ ఖనిజాలూ భద్రపరిచే ఉద్యోగం దొరికింది.

నల్ల నేల వెంట పదివేల కిలోమీటర్లు

రష్యాకు అన్నం పెట్టేది దక్షిణాన ఉన్న నల్ల నేల. రైతులు దాన్ని చెర్నోజెమ్ అంటారు. నల్లమట్టి అని అర్థం. 1873లో, 1875లో కరవులొచ్చి అంత మంచి నేలలోనూ పంట పోయింది. ఆ నేల సంగతేమిటో చూడమని 1877లో ఒక వ్యవసాయ సంఘం దొకుచాయెవ్‌కు పని అప్పగించింది.

అప్పటికి నల్ల నేల గురించి తలో మాట. పాత సముద్రపు బురద అని కొందరు, ఎండిన చిత్తడి అని కొందరు. దొకుచాయెవ్ గదిలో కూర్చుని వాదించలేదు. రెండు వేసవుల్లో పదివేల కిలోమీటర్లకు పైగా తిరిగారు. ఆగినచోటల్లా నిలువు గొయ్యి తవ్వించి, పొర పొరకూ కొలత వేసి, మట్టి మూట కట్టించారు. ఎక్కడ చూసినా పైపొర నల్లగా, దిగేకొద్దీ పలచబడుతూ, చివరికి అడుగు మట్టిలో కలిసిపోయింది. సముద్రమో బురదో తెచ్చి పోసిందైతే అలా ఉండదు. వేల ఏళ్లుగా ఆ మైదానాల్లో మొలిచి, ఎండి, కుళ్లిన గడ్డి వేళ్లే నలుపుకు కారణమని ఆయన తేల్చారు. 1883లో రష్యన్ చెర్నోజెమ్ అనే పుస్తకం వచ్చింది. మట్టి శాస్త్రం ఆ పుస్తకంతోనే మొదలైందని చెబుతారు.

ఆ పుస్తకం సారం మన భాషలో ఇంతే. మట్టి అంటే పొడి అయిన రాయి కాదు. అయిదుగురు కలిసి పనిచేస్తే మట్టి అవుతుంది. అడుగున ఉన్న రాయి, అక్కడి ఎండావానా, చెట్టూచేమా పురుగూపుట్రా, నేల ఎత్తుపల్లం, గడిచిన కాలం. ఈ అయిదింటిలో ఒకటి మారినా నేల మారుతుంది. గోతిలో కనిపించే పొరలకు ఆయన ఏ, బి, సి అని గుర్తులు పెట్టారు. ఏ అంటే ఆకూఅలమూ కుళ్లి కలిసిన పైపొర. బి మధ్యది. సి అడుగున ఉన్న అసలు సరుకు. మట్టి శాస్త్రంలో ఈ అక్షరాలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

నేలలను రకాలుగా విడగొట్టడమూ పుట్టుకను బట్టే చేశారాయన. పేర్లు రైతుల నోటి నుంచే తీసుకున్నారు. నల్లది చెర్నోజెమ్, అడవి కింద బూడిద పొర ఉన్నది పొడ్జోల్, ఉప్పు నేల సొలొన్‌చాక్. మన చౌడూ ఇక్కడి సబ్ఖా ఆ చివరిదానికి చుట్టాలు.

నలుపు ఒకటే, పుట్టుక వేరు

నల్లగా ఉందంటే మన రేగడీ చెర్నోజెమ్ లాంటిదేనా? కాదు. ఇంగ్లిషు పుస్తకాల్లో రెగుర్ అని రాసేది మన తెలుగు రేగడి మాటనే. ఆదిలాబాద్ వైపు రేగడి గట్టిపడిన లావా రాయి అరిగి పుట్టింది. అందులో కుళ్లిన ఆకుసారం తక్కువ, ఉబ్బే బంకమన్ను ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత పగులుతుంది. అందుకే ఆ నేలలో ఇల్లు కట్టేటప్పుడు అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తాం. రంగు చూసి రెంటినీ ఒకటే అనుకుంటే ఇటు ఇంజినీరూ దెబ్బతింటాడు, అటు రైతూ దెబ్బతింటాడు.

మాలో ఒకతను అలాగే దెబ్బతిన్నాడు. ఆరేళ్ల ఓవర్‌టైం డబ్బుతో, దళారి మాట నమ్మి, ఫోటోలు చూసి ఊరిపక్క రెండెకరాలు కొన్నాడు. ఫోటోలో నల్లగా నిగనిగలాడిన నేల. సెలవుమీద వెళ్లి బావి కోసం తవ్విస్తే మోకాలి లోతు కింద అంతా మొరమే. పైన ఉన్నది ఎవరో తోలించిన చెరువు పూడిక మన్ను. పూడిక తోలడం మంచిదే, కానీ నేల అసలు రకం అది కాదు కదా. ఒక్క గొయ్యి తవ్వించి చూసుంటే సరిపోయేది.

పన్ను లెక్క, కరవు లెక్క

దొకుచాయెవ్ చదువు పుస్తకాల్లోనే ఉండిపోలేదు. 1882 నుంచి 1886 దాకా నిజ్నీ నోవ్‌గోరోద్ ప్రాంతంలో శిష్యులను వెంటబెట్టుకుని భూములన్నీ పరిశీలించారు. పనిచ్చింది మన జిల్లా పరిషత్తు లాంటి స్థానిక సంస్థ. ఏ నేలకెంత సత్తువ ఉందో మార్కులు వేస్తే, దాన్నిబట్టి పన్ను వేయాలన్నది ఉద్దేశం. సారం లేని నేల ఉన్నవాడూ సారవంతమైన నేల ఉన్నవాడూ ఒకే పన్ను కట్టకూడదు కదా. 1888 నుంచి పొల్తావాలో ఇలాంటి పనే చేశారు. 1889లో పారిస్ ప్రదర్శనకు పంపిన మట్టి నమూనాలకు బంగారు పతకం వచ్చింది.

1891లో మళ్లీ పెద్ద కరవు. ఆకలికి, రోగాలకు లక్షల మంది పోయారు. ఆ మరుసటి ఏడాదే దొకుచాయెవ్ గడ్డి మైదానాల గురించి పుస్తకం రాసి, దాని అమ్మకం డబ్బు కరవు బాధితులకు ఇచ్చారు. తప్పంతా వానదే కాదన్నది ఆయన లెక్క. అడవి నరికారు, మైదానమంతా దున్నారు, వాగులు కోసుకుపోయాయి. పడ్డ నీళ్లు నేలలో ఇంకకుండా పారిపోతున్నాయి. 1892లో వరోనెజ్ ప్రాంతంలోని కామెన్నయా స్టెప్ అనే చోట చెట్ల వరుసలు నాటించి, చెరువులు కట్టించి చూపించారు. నూరేళ్లు దాటినా ఆ చెట్ల వరుసలు ఇప్పటికీ ఉన్నాయి. చెరువు నిండితే ఊరు బతుకుతుందని మన పెద్దలు అన్నదీ ఇదే.

ఒంటరి చివరి రోజులు

ఇప్పుడు పోలండ్‌లో ఉన్న పులావీలో వ్యవసాయ విద్యాసంస్థను ఆయన చక్కదిద్దారు. 1894లో అక్కడే మట్టి శాస్త్రానికి ప్రత్యేక శాఖ పెట్టించి, శిష్యుడు సిబిర్త్సెవ్‌ను ఆచార్యుడిగా కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఆరోగ్యం చెడింది. 1897లో భార్య అన్నా క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ దిగులు నుంచి ఒకసారి తేరుకుని, కాకసస్ కొండల్లో తిరిగి, ఎత్తు పెరిగేకొద్దీ నేలలు ఎలా మారతాయో రాశారు. 1900లో సిబిర్త్సెవ్ కూడా పోయారు. జబ్బు తిరగబెట్టింది. 1903లో, 57 ఏళ్ల వయసులో, దొకుచాయెవ్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూశారు. భార్య పక్కనే సమాధి చేశారు. ఆయన పేరుతో ఆ నగరంలో మట్టి మ్యూజియం ఉంది.

సెలవుమీద ఊరెళ్లి భూమి కొనేవాళ్లకు మేం చెప్పేది ఒక్కటే. పైరు చూసో, రంగు చూసో, ఫోటో చూసో బయానా ఇవ్వకండి. ముందు పొలంలో రెండు మూడు చోట్ల నడుము లోతు గొయ్యి తవ్వించండి. పొరలు చూడండి. మట్టి మూట కట్టి మీ మండల వ్యవసాయాధికారి ద్వారా పరీక్షకు పంపండి. దానికయ్యేది ఒకటి రెండు కూలీలు. పోతే మాత్రం పోయేది మన ఆరేళ్ల ఓవర్‌టైం.