విమానానికి గుండె తయారుచేసిన మెకానిక్ - చార్లీ టేలర్

విమానం కనిపెట్టింది ఎవరని అడిగితే మన హాస్టల్‌లో చిన్న తరగతి తమ్ముడు కూడా రైట్ సోదరులని టక్కున చెబుతాడు. ఆ విమానానికి ఇంజన్ చేసిందెవరని అడిగితే మాత్రం పెద్దవాళ్ళం కూడా తల గోక్కుంటాం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో చార్లీ టేలర్ గురించి రాయాలనుకున్నాం.

ఆయన 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో పుట్టారు. పన్నెండేళ్ళకే బడి మాని పనిలో చేరారు. ఏ ఇంజనీరింగ్ కాలేజీ గడపా తొక్కలేదు. 1901లో డేటన్ పట్టణంలో రైట్ సోదరుల సైకిల్ షాపులో మెకానిక్‌గా కుదిరారు. కూలి గంటకు 30 సెంట్లు. అన్నదమ్ములు గ్లైడర్ ప్రయోగాలకు వెళితే షాపు మొత్తం ఆయనే చూసుకునేవారు.

గ్లైడర్ బాగా ఎగిరింది. ఇక ఇంజన్ కావాలి. రైట్ సోదరులు ఎన్నో కంపెనీలకు ఉత్తరాలు రాశారు. అంత తేలికైన ఇంజన్ ఎవరూ ఇవ్వలేదు. అప్పుడు ఆ పని టేలర్ చేతికి వచ్చింది. షాపులో ఉన్నవి ఒక లేతు, ఒక డ్రిల్లింగ్ మిషన్, చేతి పనిముట్లు. సుమారు 45 కిలోల ఉక్కు దిమ్మె మీద గీత గీసి, దాని వెంట రంధ్రాలు వేసి, సుత్తీ ఉలితో కొట్టి, లేతు మీద తిప్పి 9 కిలోల లోపు క్రాంక్ షాఫ్ట్ తీశారు. బరువు తగ్గడానికి ఇంజన్ ఒంటిని అల్యూమినియంతో పోత పోయించారు. ఆరు వారాల్లో నాలుగు సిలిండర్ల ఇంజన్ తయారైంది.

1903 ఫిబ్రవరిలో పరీక్షిస్తుంటే పెట్రోలు కారి బేరింగులు పట్టేశాయి, ఇంజన్ ఒళ్ళు పగిలింది. టేలర్ నిరాశపడలేదు. మళ్ళీ పోత పోయించి, మే నెలలో ఇంజన్‌ను మళ్ళీ నడిపించారు. అది సుమారు 12 గుర్రాల శక్తినిచ్చింది.

ఇప్పుడు రేడియోతో నడిపే చిన్న మోడల్ విమానంలో కూడా థ్రాటిల్ ఉంటుంది. చేతిలోని పుల్ల కదిపితే లోపలి సర్వో మోటారు సన్నని కడ్డీని తోస్తుంది, కార్బురేటర్‌లో దారి తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది, వేగం మారుతుంది. టేలర్ ఇంజన్‌కు థ్రాటిల్ లేదు, నేటి కార్బురేటర్ కూడా లేదు. పైనున్న డబ్బా నుండి పెట్రోలు దానంతటదే దిగేది. గాలిలోకి లేచాక నడిస్తే పూర్తిగా నడవాలి, లేదా ఆగాలి. ఆ ఇంజన్‌తోనే 1903 డిసెంబరు 17న విమానం మొదట 12 సెకన్లు, అదే రోజు చివరిసారి 59 సెకన్లు ఎగిరింది.

తరువాతి జీవితం చల్లగా సాగలేదు. కాలిఫోర్నియాలో భూమి మీద పెట్టిన డబ్బు పోయింది. చివరి రోజుల్లో లాస్ ఏంజిల్స్‌లో ఒక ఆసుపత్రి ధర్మ వార్డులో ఉన్నారు. సంగతి తెలిసి విమాన పరిశ్రమవారు చందాలు వేసి మంచి వైద్యశాలకు మార్చారు. 1956 జనవరి 30న కన్నుమూశారు. నేడు అమెరికాలో ఆయన పుట్టినరోజును విమాన మెకానిక్‌ల దినంగా జరుపుకుంటున్నారు. యాభై ఏళ్ళు సేవ చేసిన మెకానిక్‌లకు ఆయన పేరిట అవార్డు ఇస్తున్నారు.

మిత్రులారా! మనలో ఐటిఐలో ఫిట్టర్ చదివే అన్నలున్నారు, సెలవుల్లో మెకానిక్ షెడ్లలో పనిచేసే తమ్ముళ్ళున్నారు. చేతికి నూనె మసి అంటిందని ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. మొదటి విమానాన్ని లేపింది అలాంటి చేతులే. పెద్ద ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులకు ఒక్క మనవి. మీ విజయం వెనుక ఉన్న టేలర్‌ను ధర్మ వార్డు దాకా వెళ్ళకముందే గుర్తుచేసుకోండి.