ఎలిజబెత్తు ఫ్రై చరిత్రము

కఠినదండనమువలననే అపరాధులు చక్కబడుదురని నమ్మువారు విద్యావంతులలోను ననేకులు గలరు. న్యాయవాదవృత్తియందున్న మే మీ మాటను పలుమాఱు వినుచుందుము. ఆ నమ్మకమునకు తన జీవితముచేతనే ప్రత్యుత్తరమొసగిన యొక యింగ్లీషు స్త్రీ చరిత్రమును సంగ్రహముగ నిట వ్రాయుచున్నాము.

ఎలిజబెత్తు 1780 వ సంవత్సరము మే 21 వ తేదీన ఇంగ్లండులోని నార్విచి పట్టణమున గర్నీ యను ధనికకుటుంబమున జన్మించెను. ఆ కుటుంబమువారు క్వేకరు మతస్థులు. పండ్రెండవయేటనే తల్లి గతించెను. యౌవనమున నామెకు నాట్యగానములయందును, వన్నెల దుస్తులయందును మక్కువ మెండు. 1798 లో అమెరికానుండి వచ్చిన విలియం సావెరీ యను బోధకుని వినుటకు, ఎఱ్ఱదారముల పాదరక్షలు తొడిగికొని పోయిన యా చిన్నది, మారిన మనస్సుతో నింటికి మరలెను. 1800 లో జోసఫ్ ఫ్రైని వివాహమాడి లండను చేరెను. ఆ దంపతులకు పదునొకండుగురు సంతానము.

1813 లో స్టీఫెన్ గ్రెలెట్ అను క్వేకరు, లండనులోని న్యూగేటు చెరసాలయందు స్త్రీలు పడుచున్న పాట్లను కన్నులార చూచి వచ్చి యామెకు దెలిపెను. ఆమె వెంటనే పసిబిడ్డలకు వెచ్చని బట్టలు సిద్ధపఱచుకొని, ఆనా బక్స్టన్ అను నామెను తోడు గొని యచ్చటికి వెళ్లెను. లోపలికి బోవుట యపాయకరమని కావలివారు వారించినను వినదయ్యెను. సుమారు 300 మంది స్త్రీలు పిల్లలతోగూడ కొలది గదులలో క్రిక్కిఱిసి యుండిరి. శిక్ష పడినవారును, విచారణయే కానివారును ఒక్కచోటనే. వంటయు, ఉదుకుటయు, నిద్రయు నచ్చటనే. పఱపు లేదు, నేలయే శయ్య.

కుటుంబవ్యవహారములు కొంతకాల మామెను నిలిపివేసెను. 1816 చివర మరల వచ్చినప్పుడు ఆమె బట్టలతో దృప్తి పడలేదు. అక్కడి తల్లులను జేరి, మీ బిడ్డలకొఱకు మనమందఱము గలసి యేమైన జేయుదమా యని యడిగెను. అధికారులు వ్యర్థప్రయత్నమనిరి, అయినను ఖాళీగానున్న యొక గది నిచ్చిరి. ఉపాధ్యాయినిని ఖైదీలే తమలోనుండి యెన్నుకొనిరి. కొలదిదినములలో, మాకును చదువు నేర్పుడని పెద్దలు తలుపుకడ గుమిగూడిరి.

1817 ఏప్రిలులో ఆమె న్యూగేటు స్త్రీఖైదీల యభివృద్ధికై యొక సమాజమును స్థాపించెను. కుట్టుపనియు, అల్లికయు నేర్పి వస్తువుల నమ్మించు నేర్పాటు గావించెను. జూదము, తిట్టు మానవలెనని నియమములు వ్రాసెను. కాని వాని నాజ్ఞగా విధింపలేదు. ఒక్కొక్క నియమమును చదివి వినిపించి, సమ్మతించువారిని చేతు లెత్తుడనెను, అందఱును చేతులెత్తిరి. ఈ ఘట్టమే యీ చరిత్రమునకు ప్రాణమని మా యభిప్రాయము. పోలీసువారు, న్యాయాధిపతులు, కావలివారు, ఒకరివెనుక నొకరు ఆజ్ఞాపించుటయే కాని, మీకు సమ్మతమాయని యా స్త్రీల నడిగినవారు లేరు. ఆ ప్రశ్న వారిని మరల మనుష్యులనుగ జేసెను. ఆమె చెరసాలలోనికి గొనిపోయిన సంతోష మిదియే. బట్టలును, పుస్తకములును దాని వెంట వచ్చినవి మాత్రమే.

ద్వీపాంతరశిక్ష పడిన స్త్రీలను సంకెళ్లతో తెఱపిబండ్లలో వీథులవెంట త్రిప్పి యోడలకు జేర్చు నాచారము ఆ కాలమున నుండెను. 1818 లో ఆమె వారిని మూసిన బండ్లలో బంపునట్లు చేసి, తానును వెంటబోయెను. సుదీర్ఘ సముద్రయానములో చేతికి పనియుండునట్లు ప్రతిస్త్రీకిని గుడ్డముక్కలు, సూదులు, దారము ఇప్పించెను. 1841 లో రాజా యను నోడలో ఖైదీలు కుట్టిన బొంత నేటికిని ఆస్ట్రేలియాలో భద్రపఱపబడి యున్నది.

1818 లోనే ఆమె కామన్సుసభవారి విచారణసంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. స్త్రీఖైదీలకు స్త్రీలే కావలి యుండవలెనని 1823 లో చట్టమేర్పడెను.

అపజయములును గలవు. దొంగనోట్లు మార్చిన హారియెట్ స్కెల్టన్ అను నామెను ఉరినుండి తప్పింప 1818 లో ఎంత ప్రార్థించినను మంత్రి వినలేదు. 1828 లో భర్త వ్యాపారము దివాలా తీసెను. క్వేకరులు భర్తను సంఘమునుండి తొలగించిరి. సంసారమును విడిచి ఖైదీలవెంట దిరుగుచున్నదన్న నిందయు నామెకు తప్పలేదు. అయినను పని మానలేదు. 1842 లో ప్రష్యారాజు స్వయముగా న్యూగేటునకు వచ్చి యామె పనిని జూచెను.

1845 అక్టోబరు 12 వ తేదీన రామ్స్‌గేటులో ఆమె పరలోకగతురాలయ్యెను. న్యూగేటు చెరసాల 1904 లో పడగొట్టబడెను. 2002 మొదలు 2017 వఱకు ఇంగ్లండు అయిదుపౌనుల నోటుపై నామె చిత్రము చెలామణి యయ్యెను.

చదువరులారా! దానము చేయుట మనకు గొత్తగాదు. దానము గొనువారి సమ్మతిని, అభిప్రాయమును అడుగుటయే యరుదు. చెరసాలయందైనను, అనాథశరణాలయమునందైనను, మన యింటియందైనను, మేలు చేయబోవునపుడు ముందుగా నడుగుట నేర్చితిమేని ఈమె చరిత్రమును చదివిన ఫలము మనకు దక్కును.