ఆచార్య రామనాథన్ గారును మింటి పొరలును

చిత్తూరు నుండి తిరుపతికి పోవు మార్గమున గాదంకి యను చిన్న గ్రామము కలదు. మన విద్యార్థులలో ననేకులు ఆ దారిని పలుమారులు పోయియుందురు. కొండలను, చింతచెట్లను, మామిడితోటలను చూచుచు పోవుటయే గాని, ఆ గ్రామము పేరు దూరదేశములందలి వాతావరణ శాస్త్రజ్ఞులకును పరిచితమైన పేరని యెరిగినవారు కొలదిమందియే. అచ్చట వరుసకు 32 చొప్పున 32 వరుసలుగా, మొత్తము 1024 అంటెనాలు నాటబడినవి. సెకనునకు 5 కోట్ల 30 లక్షల కంపనములు గల రేడియో తరంగములు వానినుండి నిట్టనిలువుగా మింటికి పంపబడును. గాలిలోని సుడులకు తగిలి, మిక్కిలి బలహీనమై తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి పైగాలుల వేగమును లెక్కించెదరు. 1992లో ఎం.ఎస్.టి. రాడారు కేంద్రముగా నారంభమైన యీ సంస్థ 2005 నుండి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల యని పిలువబడుచున్నది. ఎం. అనగా మీసో ఆవరణము, ఎస్. అనగా స్ట్రాటో ఆవరణము, టి. అనగా ట్రోపో ఆవరణము. ఇవి మన తలపైనున్న గాలియొక్క అంతస్తుల పేర్లు.

ఈ యంతస్తులలో మనకు మిక్కిలి ముఖ్యమైన యొక సత్యమును లోకమునకు స్పష్టముగా చూపిన మహనీయుని జీవితమును మేమిచ్చట వ్రాయబూనితిమి. ఆయన మన జిల్లావాడు కాడు. గాదంకి కేంద్రము వెలయునప్పటికి ఆయన కీర్తిశేషుడై కొన్ని సంవత్సరములు గడచెను. అయినను ఆయన కనుగొన్నది మన మింటిని గూర్చిన సంగతియే గావున, మన పిల్లలాయన పేరెరుగకుండుట తగదని మా యభిప్రాయము.

కల్పాత్తి రామకృష్ణ రామనాథన్ గారు 1893వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన పాలఘాటు సమీపమునందలి కల్పాత్తి యగ్రహారమున జన్మించిరి. ఆ కాలమున పాలఘాటును, మన చిత్తూరును ఒక్క చెన్నరాజధానిలోనివే. సంస్కృత విద్య గల యింట పెరిగి, పాలఘాటు విక్టోరియా కళాశాలలో చదివి, పిమ్మట చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము నభ్యసించిరి. 1914లో తిరువనంతపురము మహారాజా కళాశాలలో ప్రయోగశాల యుపాధ్యాయులుగా చేరిరి. అచ్చటి పురాతనమైన వేధశాల బాధ్యతయు వారిపై బడెను. అంతటితో జీవితమున నొక మలుపు కలిగెను. దినదినము వర్షమానమును, గాలి యొత్తిడిని, ఉష్ణతను పుస్తకమున నెక్కించుట విసుగు పుట్టించు పనియని తలచువారు కలరు. రామనాథన్ గారట్లు తలపక, ఆ పట్టణముపై వచ్చు ఉరుము వానలు ఏ వేళల, ఏ గాలులతో పుట్టుచున్నవో వేధశాల లెక్కలనుండియే పరిశోధించి వ్యాసము ప్రకటించిరి.

1921లో ఆయన కలకత్తాకు పోయి సర్ సి. వి. రామన్ గారియొద్ద పరిశోధకులుగా చేరిరి. మరుసటి సంవత్సరము రంగూనులో అధ్యాపక పదవి లభించినను, సెలవులు రాగానే ఓడనెక్కి కలకత్తా చేరి ప్రయోగములు సాగించుచుండిరి. 1923లో నొక విచిత్రము జరిగెను. స్వచ్ఛమైన ద్రవములలో వెలుతురు చెదరు విధమును పరీక్షించుచుండగా, ప్రవేశపెట్టిన రంగు గాక వేరొక రంగు మిక్కిలి మందముగా కానవచ్చెను. ద్రవమున మలినములుండుటచే ఇట్లగుచున్నదేమో యని, దానిని మరల మరల బట్టీపట్టి శుద్ధి చేసిరి. ఎంత శుద్ధి చేసినను ఆ మందకాంతి పోలేదు. అది యేమియో ఆనాడు తేలలేదు. బలహీనమైన యొక విధమగు ప్రతిదీప్తిగా వర్ణించి విడిచిరి. అయిదేండ్లకు, 1928 ఫిబ్రవరి 28వ తేదీన, రామన్ గారును కృష్ణన్ గారును దాని నిజ స్వరూపమును గుర్తించిరి. 1930లో రామన్ గారికి నోబెల్ బహుమానము లభించెను.

ఈ ఘట్టమును తలచినప్పుడు మాకు కొంత విచారము కలుగక మానదు. చేతికందిన ఫలము చేజారినట్లయినదే! కాని రామనాథన్ గారి తరువాతి జీవితమున దీనిని గూర్చిన కార్పణ్యము మాకెచ్చటను గానరాలేదు; రామన్ గారును నోబెల్ ఉపన్యాసమున తమ శిష్యుని తొలి పరిశీలనను స్మరించిరి. ఒక చిన్న సంగతి. 1987 నుండి ఏటేట ఫిబ్రవరి 28వ తేదీన జాతీయ విజ్ఞాన దినము జరుపుకొనుచు, మన పాఠశాలలలో పిల్లలు అట్టలతోను, సీసాలతోను ప్రదర్శనములు పెట్టుచున్నారు. ఆ దినమే రామనాథన్ గారి పుట్టినదినమని చెప్పువారు అరుదు.

1925లో ఆయన భారత వాతావరణ శాఖలో చేరిరి. ఇక మింటి కథ ప్రారంభించెదము.

కొండ నెక్కిన కొలదిని చల్లదనము హెచ్చుట మనకు అనుభవమే. మే నెలలో తిరుపతి వీధులలో కాలు నిలువనప్పుడు తిరుమల కొండపై కొంత ఊరట కలుగును. మదనపల్లెకు సమీపమునందలి హార్సిలీ కొండపై నింకను హాయిగా నుండును. సగటున కిలోమీటరునకు ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణత తగ్గును. ఇట్లే పైకి పోయిన కొలదిని చలి యంతులేక పెరుగునని పందొమ్మిదవ శతాబ్దమున నందరును విశ్వసించియుండిరి. ఫ్రాన్సు దేశమున టెస్రాన్ ద బోర్ అను పండితుడు పారిసునకు సమీపమున ట్రాప్ అనుచోట సొంత వేధశాల కట్టుకొని, కాగితపు బెలూనులకు పరికరములు కట్టి మింటికి విడుచుచుండెను. సుమారు 11 కిలోమీటర్లపైన చలి పెరుగుట ఆగిపోవుచున్నట్లు ఆయన పరికరములు తెల్పెను. ఆయన తన పరికరములను నమ్మలేదు. ఎండ తగిలి తప్పు చూపుచున్నవేమోయని రాత్రులయందు బెలూనులను విడిచి చూచెను. రెండువందలకు పైగా బెలూనులు పంపిన పిమ్మట, 1902 ఏప్రిలులో గాని తన సంగతిని పండిత సభకు నివేదింపలేదు. కొలది దినములలోనే జర్మనీలో అస్మన్ గారును అదే విషయమును వేరుగా ప్రకటించిరి. క్రింది పొర ట్రోపో ఆవరణమనియు, పై పొర స్ట్రాటో ఆవరణమనియు పేర్లు పెట్టినవాడును ఆ ఫ్రెంచి పండితుడే. క్రింది పొరలో గాలి పైకి క్రిందికి కలయబడుచుండును. మేఘములు, ఉరుములు, వానలు అన్నియు నచ్చటివే. పై పొరలో నట్టి కలత తక్కువ.

అయితే యిదంతయు ఐరోపా మింటి సంగతి. మన మింటి మాటేమి? దీనికి ప్రత్యుత్తరము వెదకుటకు ఆగ్రాలో నొక పైగాలి వేధశాల యుండెను. రబ్బరు బెలూనును హైడ్రోజను వాయువుతో నింపి, తేలికయైన చిన్న పరికరము నొకదానిని దానికి వ్రేలాడగట్టి విడిచెదరు. పైకి పోయినకొలది గాలి యొత్తిడి తగ్గుటచే బెలూను ఉబ్బి ఉబ్బి, తుదకు పగిలిపోవును. పరికరము నేలబడును. ఆ కాలమున ఎగురుచున్న పరికరమునుండి రేడియోద్వారా వార్త తెప్పించు ఉపాయము లేదు గావున, అది దొరికిననే ఫలము. పరికరములోని లోహపు రేకుపై ఉష్ణతయు ఒత్తిడియు సన్నని గీతలుగా గీయబడియుండును. తెచ్చి యిచ్చినవారికి బహుమానమిత్తుమని చీటి కట్టియుందురు. పొలములో దున్నుకొనుచు, పశువులను కాచుకొనుచు ఉండిన పల్లెవారు దానిని చూచి, తెచ్చి అప్పగించుచుండిరి. అక్షరము లెరుగని యా పల్లెవారి నిజాయితీ లేనిచో ఈ శాస్త్రము ముందునకు సాగియుండదని మా నమ్మకము.

1925 జూలై మొదలు 1928 మార్చి వరకు ఆగ్రాలో విడిచిన బెలూనుల గీతలను రామనాథన్ గారు భూతద్దముతో పరిశీలించి లెక్కలు కట్టిరి. వానితో జావా ద్వీపమునందలి బటేవియా మొదలు ఐరోపా వరకు గల యితర స్థలముల లెక్కలను చేర్చిరి. భూమధ్యరేఖ సమీపమున పైగాలి మిక్కిలి చల్లనిదని బటేవియా బెలూనులు అంతకుముందే సూచించియుండెను. కాని ధ్రువమునుండి మధ్యరేఖ వరకు 25 కిలోమీటర్ల యెత్తుదాక, వేసవికొకటి, శీతకాలమునకొకటి చొప్పున సమగ్రమైన పటములు గీచి చూపినవారు రామనాథన్ గారు. అవి 1929 జూన్ 1వ తేదీన ఇంగ్లండులోని నేచర్ పత్రికలో ప్రకటింపబడెను.

ఆ పటమును చూచిన వారెవరికైనను ఆశ్చర్యము కలుగును. భూతలమున మిక్కిలి వేడియైనది మధ్యరేఖా ప్రాంతము. మిక్కిలి చల్లనివి ధ్రువములు. కాని 17 కిలోమీటర్ల యెత్తున లెక్క తలక్రిందులైనది! అచ్చట అతిశీతలమైన గాలి మధ్యరేఖమీదనే, భూమికి తొడిగిన చదునైన కడియమువలె చుట్టుకొని యున్నది. దాని ఉష్ణత సున్నకు క్రింద సుమారు 88 డిగ్రీలు. దానికి ఉత్తరమునను దక్షిణమునను గాలి వెచ్చనిదే.

దీనికి కారణము పాలకుండను చూచి కొంతవరకు గ్రహింపవచ్చును. మంట హెచ్చైనచో పాలు ఎక్కువ యెత్తు పొంగును. ఎండ తీవ్రమైన మన దేశములలో తడిగాలి బలముగా పైకి లేచును. పైకి పోయిన గాలి వ్యాకోచించును. వ్యాకోచించిన గాలి చల్లబడును. ధ్రువములయందు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకే నిలిచిపోవు ట్రోపో ఆవరణము మనకు పదునారు పదునేడు కిలోమీటర్ల దాక సాగును. ఎక్కువ యెత్తు సాగినది గావున ఎక్కువ చల్లబడును. చిత్తూరు జిల్లా ఎండలే, ఒకవిధముగా చెప్పినచో, చిత్తూరు మింటి చలికి మూలము. ఈ చలిద్వారము గుండా పైకి పోవలసిన నీటియావిరి గడ్డకట్టి చాలభాగము క్రిందనే నిలిచిపోవుటచే స్ట్రాటో ఆవరణము ఎడారివలె పొడిగా నున్నది.

ఈ చలి పొరకు పైన స్ట్రాటో ఆవరణమున ఉష్ణత మరల పెరుగజొచ్చును. దానికి కారణము ఓజోను. సూర్యుని యతినీలలోహిత కిరణములను అది పీల్చి వేడెక్కును. ఆ కిరణములే నేలను సోకినచో పైరులకును, కన్నులకును, చర్మమునకును హాని. ఇంత పని చేయు ఓజోనునంతయు సముద్రమట్టపు టొత్తిడికి తెచ్చి పరచినచో, సగటున మూడు మిల్లీమీటర్ల మందము మాత్రమే యుండును! సుమారు 50 కిలోమీటర్లపైన మీసో ఆవరణము. అచ్చట మరల చలి. 85 కిలోమీటర్లు దాటినచో థర్మో ఆవరణము; అచ్చట గాలి మిక్కిలి పలుచన, ఉష్ణత మిక్కిలి హెచ్చు. రాత్రివేళ మనము చూచు ఉల్కలలో చాలభాగము ఈ రెండు పొరల సరిహద్దు ప్రాంతముననే మండిపోవును.

రామనాథన్ గారి జీవితపు రెండవ భాగమంతయు ఓజోనుతో గడచెను. 1948లో ప్రభుత్వోద్యోగమునుండి విరమించినప్పుడు వారికి 55 ఏండ్లు. ఇతరులు విశ్రాంతి గోరు వయసున, విక్రమ్ సారాభాయి యను యువకుడు 1947లో అహమ్మదాబాదున స్థాపించిన భౌతిక పరిశోధనాలయమునకు తొలి డైరెక్టరుగా పోయిరి. 1966 వరకు ఆ పదవియందుండిరి. డాబ్సన్ పరికరముతో సూర్యకాంతిలోని రెండు కిరణభాగములను పోల్చి, ఒకటి యెంత తగ్గినదో చూచి ఓజోనును కొలిచెదరు. అట్టి కొలతలను సంవత్సరముల తరబడి చేయించి, మన ఉష్ణదేశముల మింట ఓజోను ఇంచుమించు రెండేండ్లకొకసారి హెచ్చుచు తగ్గుచు నున్నదని 1963లో ప్రకటించిరి. 1954 నుండి 1957 వరకు భూభౌతిక శాస్త్రముల అంతర్జాతీయ సమాఖ్యకు అధ్యక్షులైరి. పద్మభూషణ, పద్మవిభూషణ బిరుదములు 1965లోను, 1976లోను వచ్చెను. పదవులను గూర్చి యింతకంటె వ్రాయ నవసరము లేదు.

1984 డిసెంబరు 31వ తేదీన, 91 ఏండ్ల వయసున వారు పరమపదించిరి. మరి నాలుగైదు మాసములు జీవించియుండినచో, వారొక పెద్ద వార్త వినియుందురు. 1985 మే నెలలో ముగ్గురు బ్రిటిషు శాస్త్రజ్ఞులు దక్షిణ ధ్రువఖండముపై వసంతకాలమున ఓజోను దారుణముగా తగ్గిపోవుచున్నదని తెలియజేసిరి. వారు వాడినదియు డాబ్సన్ పరికరమే. ఏండ్ల తరబడి విసుగులేక పుస్తకమున నెక్కించిన కొలతలే ఆ తగ్గుదలను పట్టియిచ్చినవి.

ఇక గాదంకిని గూర్చి ఒక్కమాట. అచ్చటి రాడారు నేలనుండి సుమారు 20 కిలోమీటర్ల వరకు గాలులను చక్కగా చూచును. 60 మొదలు 90 కిలోమీటర్ల నడుమ మరల చూచును. నడిమి భాగము దానికి కానరాదు. ఆ లోటును పూరించుటకు రాత్రులయందు లేసరు కిరణమును మింటికి పంపుచుందురు. బెలూనులును విడుచుచుందురు. ఇప్పటి బెలూనుల పరికరములు రేడియోద్వారా అప్పటికప్పుడే లెక్కలు పంపును గావున, వానిని వెదకి తెచ్చువారికై కనిపెట్టుకొని యుండ నక్కరలేదు. ఆ లెక్కలలో, గాదంకి పొలములపై పదునారు పదునేడు కిలోమీటర్ల యెత్తున, రామనాథన్ గారి కడియము నేటికిని కానవచ్చుచున్నది.