మూసీ వరద – విశ్వేశ్వరయ్య దూరదృష్టి

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861లో నేటి కర్ణాటకలోని ముద్దేనహళ్ళిలో జన్మించారు. వారి పూర్వీకులది ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామం.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదులో వేలాదిమందిని బలిగొన్నది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చారు. వరదను నగరంలో గట్లు కట్టి అడ్డుకోవాలా? ఎగువనే నిలిపివేయాలా? ఇదే ఆయన ఎదుట ఉన్న సమస్య. వర్షపాతాన్ని, నదీ పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించి, గట్లు మాత్రమే చాలవని ఆయన నిర్ణయించారు. ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలను, నగరంలో తీరం వెంట గట్లను, ఉద్యానవనాలను సూచించారు. తత్ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో శంషాబాదు సమీపాన హిమాయత్‌సాగర్ నిర్మితమయ్యాయి. ముంచెత్తిన నీరే నగరానికి తాగునీరైంది.

1955లో భారతరత్న పొందిన విశ్వేశ్వరయ్య 1962లో పరమపదించారు. 2008లో శంషాబాదు విమానాశ్రయం వెలసిన పిదప నగరం ఆ జలాశయాల చెంతకు విస్తరించింది. ఎగువ నేలను కాపాడనిదే దిగువ నగరానికి క్షేమం లేదన్నది ఆయన ప్రణాళిక నేర్పే పాఠం.