సీమ ఆకలికి సాక్ష్యం.. సునీల్ జానా ఛాయాచిత్రం

ఒంటిమిట్ట: చెరువు నిండితే పంట, ఎండితే వలస. రాయలసీమ పల్లెలకు తరతరాలుగా ఇదే లెక్క. ఈ నేల అనుభవించిన ఆకలిని పత్రికల పుటల్లోకి ఎక్కించి, దేశం కళ్లెదుట నిలిపిన ఛాయాగ్రాహకుడు సునీల్ జానా. పుట్టుకతో తెలుగువాడు కాకపోయినా సీమ చరిత్రతో ఆయన పేరు విడదీయరానిది. ఏప్రిల్ 17 ఆయన జయంతి.

చదువు విడిచి కెమెరా పట్టి..

సునీల్ జానా 1918లో అస్సాంలోని డిబ్రూగఢ్‌లో జన్మించారు. కలకత్తాలో పెరిగి, అక్కడే సెయింట్ జేవియర్స్, ప్రెసిడెన్సీ కళాశాలల్లో విద్యనభ్యసించారు. విద్యార్థి ఉద్యమాల ద్వారా కమ్యూనిస్టు పార్టీకి చేరువయ్యారు. అప్పటికి ఛాయాగ్రహణం ఆయనకు సరదా మాత్రమే. 1943లో బెంగాల్‌ను కరవు కబళించింది. దాదాపు 30 లక్షల మంది మరణించారని చరిత్రకారుల అంచనా. పార్టీ ప్రధాన కార్యదర్శి పూరన్ చంద్ జోషి కరవు గ్రామాల పర్యటనకు వెళుతూ జానాను, చిత్రకారుడు చిత్తప్రసాద్‌ను వెంట తీసుకెళ్లారు. ఆ ప్రయాణంతో జానా చదువు ఆగిపోయింది, జీవితం మలుపు తిరిగింది. ఆయన తీసిన చిత్రాలు పార్టీ వారపత్రిక పీపుల్స్ వార్‌లో అచ్చయి సంచలనం సృష్టించాయి. పోస్టుకార్డులుగా ముద్రితమై సహాయ నిధుల సేకరణకూ ఉపకరించాయి. చిత్తప్రసాద్ గీసిన కరవు బొమ్మల పుస్తకాన్ని మాత్రం నాటి ఆంగ్ల ప్రభుత్వం స్వాధీనం చేసుకొని తగులబెట్టింది.

సీమ గడపలో..

ఒంటిమిట్ట కోదండరాముని ఆలయ పునరుద్ధరణ కోసం ఆంధ్ర వాల్మీకి వావిలికొలను సుబ్బారావు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా భిక్షాటన చేశారు. 1936లో ఆయన కన్నుమూసిన పదేళ్లలోపే సీమ ప్రజలు పిడికెడు గింజల కోసం చేయి చాచవలసిన రోజులు దాపురించాయి. 1942లో బర్మా జపాను వశం కావడంతో అక్కడి నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చే బియ్యం నిలిచిపోయింది. యుద్ధకాలపు ధరలు, రేషన్ కష్టాలకు తోడు వానలు ముఖం చాటేశాయి. 1945-46 నాటి ఆ కరవు కాలంలో జానా రాయలసీమకు వచ్చి ఇక్కడి దైన్యాన్ని చిత్రాల్లో నిక్షిప్తం చేశారు. అమెరికాకు చెందిన లైఫ్ పత్రిక ఛాయాగ్రాహకురాలు మార్గరెట్ బోర్క్-వైట్ కూడా దక్షిణాది కరవు ప్రాంతాల్లో ఆయనతో కలిసి పర్యటించారు.

అంతకు 70 ఏళ్ల క్రితం, 1876-78 నాటి ధాత కరవులోనూ కెమెరా వచ్చింది. విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాష్ట్రంలోని క్షుద్బాధితులను వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. ఆదుకోకుండా బొమ్మలు తీశారన్న విమర్శ ఆయనను వెన్నాడింది. జానా మార్గం వేరు. బాధితుల నడుమ తిరిగి, వారికి సాయం అందించాలన్న పిలుపులో భాగంగానే ఆయన చిత్రాలు తీశారు.

బ్లాకు చేయించలేని రోజులు

నేడు చరవాణితో తీసిన చిత్రం క్షణాల్లో పత్రికా కార్యాలయం చేరుతోంది. ఆనాడు ఫిలిం చుట్టను చీకటి గదిలో కడిగి, ప్రతి తీసి, దానిని చుక్కల తెర ద్వారా జింకు పలకపైకి మార్చి బ్లాకు చేయించాలి. ఈ ఖర్చు చిన్న పత్రికలకు తలకు మించిన భారం. అందుకే పాత పత్రికల్లో నాయకుల ముఖాలే కనిపిస్తాయి, కూలీల ముఖాలు అరుదు. ఆ కొరతను తీర్చిన కొద్దిమందిలో జానా ఒకరు. గాంధీ, నెహ్రూ, జిన్నాలను ఎంత శ్రద్ధగా చిత్రించారో జాలరులను, గని కార్మికులను, పొలం కూలీలను, గిరిజనులను అంతే శ్రద్ధగా చిత్రించారు.

పార్టీకి దూరమైనా..

1948లో జోషి నాయకత్వం నుంచి వైదొలగక తప్పలేదు. ఆ పరిణామాలతో జానా సైతం పార్టీకి దూరమయ్యారు. కలకత్తాలో స్టూడియో నెలకొల్పి జీవనం సాగించారు. 1949లో వెలువడిన ఆయన తొలి చిత్ర సంపుటి ది సెకండ్ క్రీచర్‌కు ముఖచిత్రం రూపొందించింది సత్యజిత్ రాయ్. నాట్య కళాకారులను, కొత్తగా వెలసిన కర్మాగారాలను చిత్రించారు. దేశంలోని గిరిజన తెగలపై తీసిన చిత్రాలు 1993లో గ్రంథంగా వచ్చాయి. గ్లకోమా వల్ల చూపు మందగించినా కెమెరా వీడలేదు. ఆయన చిత్రాలెన్నో అనుమతి లేకుండా, పేరైనా లేకుండా అచ్చయ్యాయి. ఆ అన్యాయంపై ఆయన జీవితాంతం పోరాడారు.

కేంద్ర ప్రభుత్వం 1972లో పద్మశ్రీ, 2012లో పద్మభూషణ్ ప్రకటించింది. అదే ఏడాది జూన్ 21న అమెరికాలోని బర్క్‌లీలో 94 ఏళ్ల వయసులో సునీల్ జానా తుదిశ్వాస విడిచారు.

కరవు మండలాల జాబితాలో అంకెలుంటాయి, మనుషులుండరు. గంజి కోసం నిలబడిన తల్లులు, బక్కచిక్కిన బిడ్డల ఆనవాళ్లు ఇలాంటి చిత్రాల్లోనే మిగిలాయి. సీమకు సంబంధించిన ఆ చిత్రాల ప్రతులను సేకరించి కడపలోని సి.పి.బ్రౌన్ గ్రంథాలయంలో ప్రదర్శిస్తే, సాగునీటి కోసం పెద్దలు ఎందుకంత ఆరాటపడ్డారో నేటి విద్యార్థులకు వేరే పాఠం చెప్పనక్కరలేదు.