కంటికి కనిపించని సంకెళ్లు – జస్టిస్ కోకా సుబ్బారావు

రాజమండ్రి అనగానే మనకు గోదావరి, నన్నయ, వీరేశలింగం పంతులుగారు గుర్తుకొస్తారు. భారత సర్వోన్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి తెలుగువాడు కోకా సుబ్బారావు గారిదీ ఆ ఊరే. ఈ సెల్‌ఫోన్ల కాలంలో మనమంతా మాట్లాడుకుంటున్న వ్యక్తిగత గోప్యత హక్కుకు ఆయన 1962లోనే పునాదిరాయి వేశారన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

సుబ్బారావు గారు 1902లో పుట్టారు. రాజమండ్రిలో డిగ్రీ, మద్రాసులో లా చదివి, మామగారు వెంకటరమణారావు గారి దగ్గర వకీలుగా చేరారు. తర్వాత బావమరిది పి.వి. రాజమన్నార్ గారితో కలిసి ప్రాక్టీసు చేశారు. 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దాని తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అక్కడ ఆయన ముందుకొచ్చిన కేసుల్లో ఖరక్ సింగ్‌ది ఒకటి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇతన్ని 1941లో ఒక బందిపోటు కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి చౌకీదారు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాది నిద్రలేపేవారు. ఊరు దాటాలంటే ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పుడొస్తాడో చెప్పాలి. ఆ కబురు అవతలి ఠాణాకు ముందే చేరేది. దీనికంతటికీ ఆధారం శాసనసభ చేసిన చట్టం కాదు, పోలీసుశాఖ నిబంధనలు.

1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటి మీదికి రావడం చెల్లదని ఆరుగురూ ఒప్పుకున్నారు. మిగతా నిఘాలో తప్పులేదనీ, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ నలుగురు అన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయన పక్షాన నిలిచారు.

సుబ్బారావు గారి వాదన సూటిగా ఉంటుంది. మనిషిని జైల్లో పెట్టకపోయినా, అడుగడుగునా ఒక కన్ను వెంటాడుతోందని తెలిస్తే అతని నడకే మారిపోతుంది. ఎవరింటికి వెళ్లాలన్నా, ఎవరితో మాట్లాడాలన్నా జంకుతాడు. కాళ్లకు లేని సంకెళ్లు మనసుకు పడతాయి. అందుకే, గోప్యత అనే మాట రాజ్యాంగంలో విడిగా లేకపోయినా అది వ్యక్తిస్వేచ్ఛలో భాగమేననీ, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదనీ ఆయన తేల్చారు.

కంప్యూటర్లతో బతికే నాబోటివాడికి ఈ మాట నిన్ననో మొన్ననో రాసినట్టు అనిపిస్తుంది. ఇప్పుడు చౌకీదారు తలుపు కొట్టనక్కరలేదు. మనం ఎక్కడికి వెళ్లామో, ఎవరితో ఎంతసేపు మాట్లాడామో మన ఫోనే చెప్పేస్తుంది. ఎన్‌క్రిప్షన్ అనేది మన ఉత్తరానికి వేసుకునే తాళం. నేరస్థుల్ని పట్టుకోవడానికి మారు తాళంచెవి కావాలని ప్రభుత్వాలు అడుగుతాయి. నేరస్థుల బెడద నిజమే. కానీ అలాంటి తాళంచెవి ఒకటంటూ తయారయ్యాక అది దొంగల చేతిలో పడదని ఏ ఇంజనీరూ పూచీ ఇవ్వలేడు.

సుబ్బారావు గారు 1966లో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పరాయిదేశాల్లో ఉన్న మనం మరచిపోకూడని తీర్పు ఆయన 1967 ఏప్రిల్ 10న ఇచ్చారు. విదేశయానం వ్యక్తిస్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా ప్రభుత్వం తన ఇష్టానుసారం పాస్‌పోర్టు నిరాకరించరాదనీ చెప్పిన తీర్పు అది. పాస్‌పోర్టు చట్టం ఆ తర్వాతే, అదే ఏడాది వచ్చింది. ఆ మర్నాడే ఆయన పదవి వదిలి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. న్యాయమూర్తి పీఠం దిగి నేరుగా పోటీకి దిగడాన్ని విమర్శించినవాళ్లు లేకపోలేదు. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976 మే నెలలో కన్నుమూశారు.

ఆయన మాట మాత్రం బతికే ఉంది. ఆధార్‌ను సవాలు చేస్తూ రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. వారిలో మన కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ గారొకరు. గోప్యతలో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, మోతాదు మించకూడదు అన్నారు. ఇద్దరి అభిప్రాయం దేశం మొత్తానికి న్యాయం కావడానికి 55 ఏళ్లు పట్టింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న తగువు ఇంకా తెగలేదు. ఆ తగువులో మన పిల్లలు ఏ పక్కన నిలబడినా, ముందు ఈ రాజమండ్రి మనిషి కథ తెలుసుకుని నిలబడాలి.